పాతిక అడుగుల గోడ

నీడ 12వ రోజు

ఆకాశంలో గొడుగు పూర్తిగా విచ్చుకుని సూర్యుణ్ణి కప్పేసింది. మధ్యాహ్నం పన్నెండుకు కోళ్ళు గూట్లోకి పోయి కూర్చున్నాయి. ఇంకో నూట ఎనభై ఎనిమిది రోజులు వాటికి పగలేదో రాత్రేదో తెలియదు. మనకు మాత్రం తెలుసా ఏమిటి, గంట కొడితే లేస్తున్నాం, గంట కొడితే పడుకుంటున్నాం. గొడుగు లేని రోజుల్లో ఎండకు మనుషులు నడుస్తూ నడుస్తూ కూలిపోయేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. అందుకని ఆకాశంలో గొడుగు పట్టినవాళ్ళను నేను తిట్టను. చీకటిని మాత్రం తిడతాను.

ఈ పుస్తకంలో బండి నంబరు, లోడు, లైటును ఎత్తి దించే మర ఎన్ని చుట్లు తిప్పానో రాయాలని రూలు. మిగతాది రాయొద్దని రూలు లేదు కాబట్టి రాస్తున్నాను.

మూడుబండల కనుమ దిగే ప్రతి లారీ లోడు ఎక్కించుకున్నాక యార్డులో ఉన్న నా గోడ ముందు ఆగాలి. వెనక బరువు పడితే ముందు భాగం లేస్తుంది, లైటు చుక్కల్ని లెక్కపెడుతుంది, ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకే గోడకు పాతిక అడుగుల దూరంలో బండిని నిలబెట్టి, లైటు ఎంత ఎత్తులో ఉందో కర్రతో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో గుర్తు పెడతాను. గుర్తుకు రెండంగుళాల కింద సుద్దగీత. వెలుగు పై అంచు ఆ గీత మీద కూర్చునేదాకా మర తిప్పుతాను. కూర్చుంటే ముద్ర. ముద్ర లేని బండి నీడకాలంలో కనుమ దిగకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. పేరు కాశింబీ. డ్రైవర్లు మాత్రం గోడక్క అంటారు, ఆ పిలుపు నాకు ఇష్టమే.

ఈరోజు పద్నాలుగు బండ్లు. ఓబులేసు లారీకి మర ఆరు చుట్లు కిందికి తిప్పాల్సి వచ్చింది. మూడేళ్ళ క్రితం ప్రతి లారీకీ వెనక అదనపు బ్యాటరీ పెట్టె తగిలించాలన్నారు కదా, గొడుగు కింద ఛార్జింగ్ చాలదని. ఒక్కో పెట్టె తొమ్మిది వందల కిలోలు. అప్పటినుంచి ప్రతి బండీ తోక మీద కూర్చున్న కుక్కలాగే వస్తోంది.

ఓబులేసు యాభై దాటిన మనిషి, వరసలో ముందు బండి ఎప్పుడూ ఆయనదే. ముద్ర వేయించుకుని కూడా కదల్లేదు. లైటు దూరం పడటం లేదని మళ్ళీ మొదలుపెట్టాడు. పోయిన నీడకాలంలోనూ ఇదే పాట, ఈయనదే కాదు, డ్రైవర్లందరిదీ. నువ్వు చూసేది రోడ్డునా పెళ్ళికూతుర్నా, ఎంత వెలుగు కావాలయ్యా నీకు అన్నాను. వెనకవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. తల దించుకుని బండెక్కాడు.

వీళ్ళ సంగతి నాకు తెలియదా. కొందరు కనుమ దిగగానే బండి ఆపి, వాళ్ళే మర పైకి తిప్పుకుంటారు. ఈ మూడేళ్ళలో అలాంటివాళ్ళను పంతొమ్మిది మందిని పట్టుకుని పేర్లు రాసిచ్చాను. ఒక్కొక్కరికి నెలరోజులు బండి బంద్. ఒకరి కళ్ళు పోగొట్టి తాము చూడాలనుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నీడ 19వ రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

మధ్యాహ్నం రెండు గంటలకు ఇసకవాగు కల్వర్టు మీద ఓబులేసు లారీ ఒక మనిషిని కొట్టింది. పేరు సుంకులమ్మ. కింది ఊళ్ళ నుంచి చింతపండు తట్ట ఎత్తుకుని కాలినడకన వస్తోంది. కల్వర్టు మీద పక్కకు జరగడానికి చోటు ఉండదు, కానీ వెనక్కి నాలుగడుగులు వేస్తే చోటుంది. ప్రాణం ఉంది. కుడికాలు మోకాలి కింద తీసేశారని సాయంత్రం వైద్యశాల నుంచి కబురొచ్చింది.

అరవైలో వస్తున్నానని ఓబులేసే ఒప్పుకున్నాడు. అది తప్పు కాదు. వరసలో అందరూ అరవైలోనే పోవాలి, తగ్గితే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. లోడు బండికి నాలుగు వందల యాభై అడుగులు కనపడుతుందన్న లెక్క మీదే ఆ అరవై పెట్టారు. లోడు బండి ఆగడానికి మూడు వందల అడుగులు చాలు. మరి ఎందుకు ఆపలేదని అడిగితే, కనపడలేదంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

నీడ 20వ రోజు

లారీని లోడుతో సహా వెనక్కి తెచ్చారు. ముందు బంపరు వంగింది కానీ లైట్లకు దెబ్బ తగల్లేదు. దారి పెద్ద మద్దిలేటి దగ్గరుండి నా గోడ ముందు నిలబెట్టించాడు. కొలిచాను. వెలుగు అంచు గీత మీద తాడు కట్టినట్టు కూర్చుంది. అదే మాట చీటీ మీద రాసి సంతకం పెట్టాను: లైటు సరిగ్గా ఉంది, గోడ లెక్కలో లోపం లేదు.

ఆ చీటీతో ఓబులేసు పని అయిపోయినట్టే. మా దారి కట్టుబాటు ఇది. మనిషిని కొట్టిన డ్రైవరు తప్పు తేలితే, బండి లైట్లు ఊడదీసి గుడ్డ మీద పెడతారు. అందరి ముందూ ఆయనే సుత్తితో వాటి అద్దాలు పగలగొట్టాలి. ఆ తర్వాత జన్మలో నీడకాలంలో బండి తోలకూడదు. ఏడాదిలో రెండు వందల రోజులు నీడ. అంటే ఇక బతుకు లేనట్టే.

చీటీ చేతిలో పెట్టినప్పుడు నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. మెల్లగా అన్నాడు, "గోడ కాడ సూసినావు కదక్కా. ఒకసారి రోడ్డు మింద సూడు."

గోడ అబద్ధం చెప్పదు ఓబులేసూ అన్నాను. ఈ మాట మా అందరి నోటా ఆడే మాటే. గొడుగు విప్పే ముందురోజు గోడకు కొత్త సున్నం కొట్టి, మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి వెంట్రుకవాసి వంపు లేదని చూపిస్తాడు. డ్రైవర్లు టెంకాయ కొడతారు, నేను సాంబ్రాణి వేస్తాను. పోయిన నెలే చూశాం. గోడ నిటారుగా ఉంది.

నీడ 21వ రోజు

నిద్ర పట్టలేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే పట్టేదేమో.

పొద్దున గంట కాగానే యార్డు డ్రైవరును లేపుకుని ఓబులేసు లారీని లోడుతోనే రోడ్డు మీదికి తీయించాను. యార్డు బయట వంతెన దాటాక ఆరు వందల అడుగులు చక్కటి మట్టం రోడ్డు ఉంది. లైటు వేయించి, వెలుగు ఎక్కడ ఆగిపోతుందో నడుచుకుంటూ టేపు పట్టాను. నాలుగు వందల యాభై దాకా నడవాల్సిన దాన్ని నూట తొంభై దగ్గరే చీకట్లో నిలబడ్డాను. టేపు తప్పనుకుని మళ్ళీ పట్టాను. నూట తొంభై.

దారిలో మర జారి ఉంటుందని గోడ దగ్గరికి తెప్పించాను. గీత మీదే ఉంది. మళ్ళీ రోడ్డు మీదికి. నూట తొంభై. మళ్ళీ గోడకు. గీత మీదే. యార్డు డ్రైవరు నాకేదో గాలి సోకిందన్నట్టు చూశాడు. నేనూ అదే అనుకున్నాను. వేరే బండి రెండు తెప్పించాను. వాటిదీ అదే కథ, ఒకటి నూట ఎనభై, ఒకటి రెండు వందల పది.

తూకం గుండు నేనే వేలాడదీశాను. గోడలో వంపు లేదు. పాతిక అడుగుల గుర్తు కొలిచాను. పాతికే. కర్ర కొలిచాను. సుద్ద తప్ప అన్నీ కొలిచాను.

చివరికి విసుగొచ్చి, లైటు అద్దాలు తుడవడానికి తెచ్చుకున్న బకెట్ నీళ్ళు నేల మీద గుమ్మరించాను. కోపంతో గుమ్మరించాను, ఆలోచనతో కాదు. ఈ కడప బండలు పరిచినప్పుడు నేనే పక్కనున్నాను. నీళ్ళు పోస్తే చాప పరిచినట్టు అన్నివైపులా సమంగా పాకేవి. ఈసారి పాకలేదు. అన్నీ కలిసి వెనక్కి పోయి, లారీల వెనక చక్రాలు ఆగే చోట మడుగు కట్టాయి.

యార్డు మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు తెచ్చి, దాన్లో నీళ్ళు నింపి రెండు కొసలూ చెరోవైపు పట్టుకున్నాం. వెనక చక్రాల కింది బండలు అంగుళమున్నర కుంగి ఉన్నాయి.

అప్పుడు అంతా తెలిసింది. గోడ ముందు నిలబడిన బండి వెనక కుంగి ముక్కు ఎత్తుతుంది. ఎత్తిన ముక్కుకు నేను లైటు దించి గీత మీద కూర్చోబెడతాను. రోడ్డు మీదికి పోగానే బండి మట్టానికి వస్తుంది, లైటు నేలలోకి దిగుతుంది. మూడేళ్ళుగా ఆ పెట్టెల బరువు రోజుకు పదిహేనుసార్లు అక్కడే పడింది. ఏడాదికోసారి గోడకు సాంబ్రాణి వేశాను. నేలకు చీపురు తప్ప ఏమీ వేయలేదు.

డ్రైవర్లు అందరూ చెప్పారు. ఒక్కరు కాదు, అందరూ. నేను నవ్వాను. మర పైకి తిప్పుకున్న ఆ పంతొమ్మిది మంది దొంగలు కాదు, కళ్ళున్నవాళ్ళు. వాళ్ళకు శిక్ష వేయించింది నేను. తల కొట్టేసినట్టుంది నాకు.

నీడ 22వ రోజు

మద్దిలేటి ఇంటికి పోయి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ఈ పని నాకు ఇప్పించింది ఆయన తండ్రే. అంతా విని, లేచి తలుపు దగ్గరకు వేశాడు.

తర్వాత ఆయన లెక్క ఆయన చెప్పాడు. ఈ కనుమ దిగే లారీలు మూడు వందల నలభై. ఈ సంగతి బయటపడితే అన్నీ ఆపాలి, ఒక్కొక్కదాన్నీ మళ్ళీ చూడాలి. పది రోజులు పడుతుంది. కింద ఎనభై ఊళ్ళకు బియ్యం, నూనె, మందులు పోయేది ఈ దారినే. అందుకని సద్దు లేకుండా బండలు ఎత్తి సరిచేద్దాం, వచ్చిన బండిని వచ్చినట్టు సరిచేసి పంపుదాం, ఎవరికీ తెలియనక్కర్లేదు అన్నాడు. మరి ఓబులేసు సంగతి అని అడిగాను.

"ఒగని లైట్లు పోతే దారి ఆగదు కాశింబమ్మా. గోడ మింద నమ్మకం పోతే దారే ఆగిపోతాది."

అబద్ధం ఎందుకు రాయాలి, ఆ మాట నాకు తియ్యగా తగిలింది. ఇరవై రెండేళ్ళుగా నేను దారిలో పోతుంటే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు లేచి నిలబడతారు. రేపు వాళ్ళే నన్ను చూసి ఉమ్మేస్తారు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం వండుకుని తిన్నాను కూడా. ఆ అన్నం ఎలా దిగిందో తెలియదు.

నీడ 24వ రోజు

ఈరోజు యార్డులో తీర్పు కూర్చుంది. మూడు వందల మంది దాకా వచ్చారు. అందరి చేతుల్లో లాంతర్లే. నడిమధ్య తెల్లగుడ్డ మీద ఓబులేసు లారీ లైట్లు రెండూ పెట్టి, పక్కన సుత్తి పెట్టారు. ఆయన వాటి ముందు కూర్చున్నాడు. ఇంటి నుంచి ఎవర్నీ తీసుకురాలేదు, చూడనివ్వడం ఇష్టం లేక.

సుంకులమ్మను మంచం మీద మోసుకొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, బక్కపలచని మనిషి. కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా ఉంది. మా కట్టుబాటు ప్రకారం దెబ్బ తిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి. డ్రైవరును తిడుతుందని అందరూ చూశారు. ఆమె తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"లైటు శానా దూరం నించే నాకు అగపడె. అంత యెలుగు నాకు కనపడ్తాంటే, నేను ఆయప్పకు కనపడనా అనుకొంటి. సూసినాడులే, నిదానిస్తాడులే అని నడుస్తానే ఉంటి. అందుకే యెనక్కి పోల్యా."

మద్దిలేటి నా చీటీ చదవడానికి లేచాడు. చదవకముందే నా కాళ్ళు లేచాయి. ఇది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. ఆ చీటీ ఆమె ముందు గట్టిగా చదువుతుంటే వింటూ కూర్చోవడం నావల్ల కాలేదు, అంతే.

చీటీ తప్పని చెప్పాను. బండల సంగతి, అంగుళమున్నర సంగతి, నూట తొంభై అడుగుల సంగతి చెప్పాను. ఓబులేసు పోయినేడూ ఈ ఏడూ చెప్పాడని, నేను నవ్వానని చెప్పాను. పుస్తకం తెరిచి పంతొమ్మిది మంది పేర్లూ చదివాను. ఒక్కో పేరుకూ గుంపులో ఒక్కో తల పైకి లేచింది. పదకొండో పేరువాడు ఇక్కడ లేడు, ఆ నెలరోజుల బందులో పని పోయి పడమటికి వలసపోయాడని ఎవరో వెనకనుంచి అన్నారు. పన్నెండో పేరు చదివాను.

గోల లేచింది. ఒకాయన గోడను కూలగొట్టమన్నాడు. ఒకామె నన్ను పట్టుకుని, నీ గీత మీద మా పిల్లోళ్ళ ప్రాణాలు పెట్టినామే అని రెండు చేతులతో నా భుజాలు ఊపింది. ఊపనిచ్చాను. మద్దిలేటి నా నడుముకున్న ముద్ర తీసుకున్నాడు. నాకు బాధేసిందా అంటే వేసింది. ఇరవై రెండేళ్ళ బరువు లేక నడుము ఒకవైపు తేలిపోయినట్టయింది.

ఓబులేసును లైట్లు తీసుకుని పొమ్మన్నారు. ఆయన గుడ్డతో సహా చంకన పెట్టుకుని, ముందు సుంకులమ్మ మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. వినడం నా పని కూడా కాదు.

ఇక బండ్లన్నీ ఎలా సరిచేయాలన్న మాట వచ్చింది. బండలు ఎత్తి మళ్ళీ పరుద్దాం, ఏటా లెవెల్ పైపు పెడదాం అన్నారు. అప్పుడు సుంకులమ్మ మంచం మీదినుంచే చెయ్యెత్తింది.

"గోడ మింద సూసుకోండి, వద్దన్ల్యా. ఆపైన మనిసి మింద గూడా సూడండి. రోడ్డు మింద ఒక మనిసిని నిలబెట్టి, కనపడిందంటేనే బండి ఇడవండి."

ఎవరు నిలబడతారని మద్దిలేటి అడిగాడు. చీకట్లో లోడు లారీకి ఎదురుగా నిలబడమంటే ఎవరు ముందుకొస్తారు. ఆమె నా వైపు చూడను కూడా లేదు. నేనే చెయ్యెత్తాను.

నీడ 29వ రోజు

ఐదు రోజులు దారి బంద్. బండలు ఎత్తి, కింద కంకర పోసి దిమ్మిస కొట్టి, మళ్ళీ పరిచారు. కింది ఊళ్ళలో నూనె అయిపోయిందని కబురొచ్చింది. తిట్లన్నీ నాకే వచ్చాయి. ఎవరింటికి రావాల్సినవి వాళ్ళింటికే వచ్చాయి, పోనీలే.

వంతెన అవతలి మట్టం రోడ్డు మీద నేను నిలబడాల్సిన చోటు నుంచి యాభై అడుగులకొక రాయి పాతి సున్నం కొట్టారు. పదకొండు రాళ్ళు. బండి చివరి రాయి నుంచి మెల్లగా నా మీదికి రావాలి. డ్రైవరుకు నేను కనపడగానే హారన్ కొట్టి ఆపాలి. తొమ్మిదో రాయి దగ్గర హారన్ వస్తే ముద్ర.

మొదటి బండి ఓబులేసుది. లైట్లు మళ్ళీ బిగించుకుని, మర పాత లెక్క మీదే ఉంచి ఒకసారి తోలి చూపిస్తానన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నర. నిలబడ్డాను. ముదురు రంగు చీర కట్టుకోమన్నారు, నడిచేవాళ్ళు కట్టేలాంటిదే. దూరంగా రెండు లైట్లు వెలిగాయి. ఇరవై రెండేళ్ళు లైట్ల వెనక నిలబడ్డాను, పక్కన నిలబడ్డాను, ఎదురుగా ఎప్పుడూ నిలబడలేదు. అంత దూరం నుంచే కళ్ళు జిగేల్మన్నాయి. నా చేతులు నాకు కనపడుతున్నాయి, గాజులు కూడా మెరుస్తున్నాయి. ఇంకేం, చూసే ఉంటాడు, ఇప్పుడు కొడతాడు హారన్ అనుకున్నాను.

పదో రాయి దాటింది. తొమ్మిది దాటింది. హారన్ లేదు. ఎనిమిది. బండి మెల్లగానే వస్తోంది. ఏడు. ఓబులేసూ, నన్ను చూడటం లేదా అని పైకే అన్నాను. ఆరు. నేను ఇంత వెలుగులో ఉన్నాను, ఆయనకు అక్కడ చీకటే ఉంది. ఐదు. పక్కకు దూకాలనిపించింది. దూకితే ఇక్కడ నిలబడి లాభం లేదు. కళ్ళు మూసుకుని కలిమా చదువుకున్నాను.

నాలుగో రాయి దాటాక హారన్ మోగింది.

బండి ఆగింది. ఓబులేసు దిగలేదు. నేనే నడుచుకుంటూ పోయి, కిటికీ దగ్గర నిలబడి, చూశాను అన్నాను. ఆయన అవునన్నట్టు తలూపి బండి వెనక్కి తిప్పాడు. గోడ దగ్గర కొత్త నేల మీద నిలబెట్టి, మర ఆరులో నాలుగు చుట్లు పైకి తిప్పారట. తిప్పింది నేను కాదు, ఆ పంతొమ్మిది మందిలో ఒకడు.

రెండోసారి వచ్చాడు. పదో రాయి దాటింది. నా చేతులు రెండూ కొంగును పిసుకుతున్నాయి. బండి తొమ్మిదో రాయి దగ్గరికి ఇలా వచ్చిందో లేదో హారన్ పెద్దగా మోగింది, బండి అక్కడే ఆగిపోయింది.

నేను రోడ్డు మధ్యలోనే కూలబడి ఏడ్చేశాను. సుంకులమ్మ కాలు కోసం ఏడ్చానో, నా కోసం ఏడ్చానో తెలియదు. ఓబులేసు దిగి వచ్చి ఓదార్చలేదు. వెనక మూడు వందల ముప్పై తొమ్మిది బండ్లు ఉన్నాయి కదా. లేచి నిలబడమని ఇంకోసారి హారన్ కొట్టాడు. లేచాను.